ఏడో గళం వచ్చేదాకా

మా కంపెనీలో నా పని ఫోన్లు అమ్మడం కాదు, కొనబోయేవాళ్లను ఆపడం. వినడానికి వింతగా ఉంటుంది కానీ నాకు జీతం ఇచ్చేది అందుకే. గొంతుకు ఆపరేషనై మాట పోయినవాళ్లు విశాఖపట్నంలోని మా ప్రయోగశాలకు వస్తారు. నేను వాళ్ల మెడ మీద పట్టీ అంటించి, కండరాలు ఎలా కదులుతున్నాయో చూసి, ఇప్పుడున్న ఫోను తీసుకోమనో, రాబోయే దానికోసం ఆగమనో చెప్పాలి. పదకొండేళ్లుగా ఎక్కువమందికి ఆగమనే చెప్పాను. ఆగమనడంలో ఒక సుఖం ఉంది. అది తప్పని తేలేసరికి చెప్పినవాడు ఎవరికీ గుర్తుండడు.

నా సంగతీ అంతే. నా జేబులో ఉన్నది ఆరేళ్ల నాటి ఫోను. అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు పగిలి ఉంటుంది. ప్రతి దసరాకీ కొత్తది కొందామనుకుంటాను. ఇంకో నాలుగు నెలల్లో ఇంతకంటే మంచిది వస్తుందని ఎక్కడో చదువుతాను. మానేస్తాను. మా తవిటినాయుడికి పెళ్లి కాకపోవడానికి కారణం కూడా ఇదేనని మా అమ్మ నా గురించి చుట్టాల దగ్గర చెప్పుకుంటుంది. ఆ మాట పూర్తిగా అబద్ధమని నేను అనలేను.

మేము తయారు చేసే ఫోను పేరు గళం. గొంతులో మాట పుట్టే పెట్టెను డాక్టర్లు తీసేసినా, మనిషి మాట్లాడబోయినప్పుడల్లా మెడలోని కండరాలు పాత అలవాటు కొద్దీ కదులుతూనే ఉంటాయి. పట్టీ ఆ కదలికను పట్టుకుంటుంది. మెడలో వేలాడే ఫోను దాన్ని మాటగా పలుకుతుంది. అప్పటికి బజారులో ఉన్నది ఆరో గళం. ఏడోది మరుసటి మార్చిలో వస్తుందని గోడ నిండా బొమ్మ వేసి పెట్టాం.

పరదేశమ్మ మా దగ్గరికి ఏప్రిల్ పదిహేనున వచ్చింది. సముద్రంలో వేట నిషేధం మొదలైన రోజు అది. బోట్లన్నీ లంగరేసుకుని ఉండే ఆ రెండు నెలలూ గవ్వలపేట రేవులో ఎవరికీ పని ఉండదు. ఆవిడకు యాభై దాటలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ రేవు జెట్టీ మీద చేపల వేలం వేసిన మనిషి. ఆవిడ తల్లిలాగే ఆవిడా చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. గొంతు దానికే పోయింది. ఆపరేషనై ఎనిమిది నెలలు. వెంట కూతురు నీలిమ ఉంది, డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. తల్లి చేతిలో పిల్లలు రాసుకునే పలక ఉంది.

పట్టీ అంటించి, ఏదైనా అనమన్నాను. ఆవిడ పెదవులు కదిలాయి. తెర మీద గీతలు లేచాయి. నేను కుర్చీలో ముందుకు జరిగాను. పదకొండేళ్లలో అలాంటి గొంతు చూడలేదు. వేలం అరిచి అరిచి కండరాలు తాళ్లలా తేలి ఉన్నాయి, ఒక్కటీ చచ్చిపోలేదు. ఏడో గళానికి ఇంతకంటే తగిన గొంతు దొరకదని, ఒక్క ఏడాది ఆగితే మీ గొంతు మీకే తిరిగి వస్తుందని గబగబా చెప్పేశాను.

నీలిమ తేడా ఏమిటని అడిగింది. చెప్పే బదులు వినిపించాను. ఆరో గళంలో మాట ఒక సెకను ఆలస్యంగా వస్తుంది. ఎవరి మెడలో వేసినా పలికేది ఒకే గొంతు, రైలు స్టేషన్లో బండి ఆలస్యం గురించి చెప్పే అమ్మాయి గొంతులాంటిది. అరవలేదు, నవ్వలేదు. ఏడో గళంలో ఆలస్యం ఉండదు. పాత రికార్డింగులు ఇస్తే మనిషి సొంత గొంతులోనే పలుకుతుంది, తిడుతుంది, ఏడుస్తుంది కూడా. నీలిమ దగ్గర అమ్మ గొంతున్న రికార్డింగులు నాలుగు ఉన్నాయట. ఆ మాట చెబుతూనే పిల్ల కళ్లు తుడుచుకుంది.

అప్పుడు అసలు చిక్కు చెప్పాను. ఆరు కొని ఏడు వచ్చాక మార్చుకుందామంటే కుదరదు. ఆరో గళం పట్టీకి చెవుడు ఎక్కువ. దానికి వినపడాలంటే కండరాలను విడివిడిగా, మోటుగా కదపాలి. నలభై రోజులు అలా సాధన చేశాక గొంతు ఆ మోటు కదలికకే స్థిరపడిపోతుంది. ఏడుకు కావలసింది పాత సహజమైన కదలిక. ఆరు వాడిన ఒక లెక్కల మాస్టారి మెడకు మేము ఏడో గళం నమూనా పెట్టి చూశాం. బిందెలో నీళ్లు పోసిన చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. ఆయన మాకే ధైర్యం చెప్పి వెళ్లారు.

పరదేశమ్మ పలక మీద రాసి నా ముందు పెట్టింది. జూన్ పదిహేనుకి ఏది మాటాడతాది?

ఆరే, అన్నాను.

పలక తుడిచి మళ్లీ రాసింది. అయితే అదే ఇయ్యి.

నీలిమకు కోపం వచ్చింది. నాకు అర్థం కాలేదు. గవ్వలపేట ఆనవాయితీ గురించి అప్పుడే విన్నాను. నిషేధం ముగిసి తొలి బోటు రేవుకు వచ్చిన రోజు జెట్టీ మీద ఎవరు వేలం వేస్తే ఆ ఏడాదంతా ఆ చోటు వాళ్లది. ఒక్క తొలిరోజు గొంతు వినిపించకపోయినా ఆ మనిషిని రేవు లేనట్టే చూస్తుంది. అలా పోయినవాళ్లు తిరిగి వచ్చింది ఆవిడ ఎరుగదు. ఎనిమిది నెలలుగా ఆవిడ బదులు వేలం వేస్తున్న కొండబాబు ఆ రోజు కోసమే కాచుకుని కూర్చున్నాడు.

"పోనీ సార్ ఆ సోటు," అంది నీలిమ నా వైపు తిరిగి, తల్లికి వినపడాలని. "నాను ఏదో పని సూసుకుంటాను. ఒక్క ఏడాది ఇంట్లో కూకోలేదా? మా యమ్మ నన్ను పిలిసి ఎనిమిది నెలలయింది. నాకు ఆ గొంతు కావాల. ఈ రైలు టేసను గుంట గొంతు నాకెందుకు?"

నేను కళ్లజోడు సర్దుకుని, అమ్మాయి చెప్పింది నిజమే, ఆగండి, అన్నాను. పరదేశమ్మ నన్ను ఎగాదిగా చూసి పలక మీద గట్టిగా నొక్కి రాసింది. సుద్దముక్క విరిగింది. ఏడాది ఊరుకున్న మనిసిని ఎవులు ఇంటారు?

ఫోను ఇచ్చాను. ఇష్టం లేకుండానే ఇచ్చాను. కాగితం మీద నా సలహాకు విరుద్ధంగా అని రాసుకున్నాను కూడా.

నలభై రోజుల సాధన మా ప్రయోగశాలలోనే. పదో రోజుకు మాటలు వచ్చాయి. రైలు స్టేషన్ అమ్మాయి గొంతుతో పరదేశమ్మ తొలిసారి పలికిన మాట ఇక్కడ రాయలేను, కొండబాబు పుట్టుక గురించి. కాపలా అతను నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. ఇరవయ్యో రోజుకు ధారాళంగా మాట్లాడింది. కానీ వేలం మాత్రం రాలేదు.

ప్లాస్టిక్ ట్రేలు గంపలనుకుని, నేనూ నీలిమా కాపలా అతనూ కొనేవాళ్లమనుకుని ఆడి చూశాం. వేలంలో కొనేవాడు నోరు విప్పడు, వేలో గడ్డమో కదుపుతాడు. వేసేవాళ్లు ఆ కదలిక చూసి కొత్త ధర ఆ క్షణంలోనే పలకాలి. ఫోను మూడు వేలు అనేసరికి నేను మూడున్నరకు, నీలిమ నాలుగుకు వేళ్లు ఎత్తేసి ఉండేవాళ్లం. ఎవరిది ఏ ధరో తెలియక ముగ్గురం పోట్లాడుకునేవాళ్లం. వేలంలో సెకను అంటే ఒక గంప. మూడు రోజులు అలాగే జరిగింది. నాలుగో రోజు నేను మెల్లగా, గొంతుకు ఆ మోటు అలవాటు ఇంకా గట్టిపడలేదు, ఇప్పుడు ఆపేసినా ఏడుకు గొంతు దక్కవచ్చు అన్నాను.

ఆవిడ ట్రేలను మళ్లీ వరసగా పేర్చింది. తర్వాత ఫోను పలికింది.

"ఇది ఎనకబడి మాటాడతాది. అంతేనా? అయితే నాను ముందు మాటాడతాను."

ఎవరు ఎంత పెంచుతారో ముందే ఎలా తెలుస్తుందని అడిగాను.

"ఇరవై రెండేళ్లు నాను సూసింది సేపల్నా బాబూ? మొకాల్ని సూసినాను. సూర్రావు ధర పెంచీముందు ఎడం కాలి సెప్పు ఇడిసేత్తాడు. మొల్లమ్మ గాజులు ఎనక్కి తోత్తాది. నువ్వు ఆగమనీముందు కళ్లజోడు సవరించుకుంటావు."

నా చెయ్యి అప్పుడు కళ్లజోడు మీదే ఉంది. సిగ్గుపడి దించాను.

ఆ రోజు నుంచి ఆవిడ ఎదుటివాడు కదలబోయే ముందే గొంతు కదపడం మొదలుపెట్టింది. వాడి వేలు లేచే సమయానికి ఫోను ఆ ధర పలికేది. మేము ఫోనును మనిషికి నేర్పే పనిలో ఉన్నామనుకున్నాను. నిజానికి ఒక మనిషి మా ఫోను కోసం కాలాన్ని ఒక సెకను ముందుకు జరుపుకుంటోంది. అందులో ప్రమాదం నాకు తెలుసు. కండరం కదిలిందంటే సెకను తర్వాత మాట వచ్చి తీరుతుంది. మధ్యలో మనసు మారినా ఆపే మీట మేము పెట్టలేదు.

జూన్ పదిహేను ఉదయం నేను గవ్వలపేట వెళ్లాను. ఎండ ఇంకా ఎక్కలేదు. జెట్టీ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. కొండబాబు కొత్త చొక్కా వేసుకుని, గొంతు సవరించుకుంటూ తిరుగుతున్నాడు. తొలి బోటు గంపలు దింపగానే పరదేశమ్మ కొంగు దోపుకుని వాటి మధ్య నిలబడింది. మెడలోని ఫోను, రైలు స్టేషన్ గొంతుతో, "రండి రండి, తొలి గంప, కోనాం సేపలు" అంది. జెట్టీ అంతా గొల్లుమంది. మూడో ప్లాట్‌ఫారం మీదికి ఎప్పుడొస్తాది అని ఎవడో అరిచాడు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. ఆవిడకు అనిపించలేదు.

మొదటి గంప పోయింది, రెండోది పోయింది. నవ్వులు కాస్త తగ్గాయి. మూడో గంప దగ్గర సూర్రావు ఎడమ కాలి చెప్పు విడిచాడు. పరదేశమ్మ గొంతు కదిలింది. కానీ సూర్రావు వంగి, చెప్పులో ఇరుక్కున్న రాయి దులుపుకుని, మళ్లీ తొడుక్కున్నాడు. వేలు ఎత్తలేదు. ఆవిడ ముఖం నేను చూశాను. పొరపాటు తెలిసిపోయింది, చేయగలిగింది ఏమీ లేదు, ఆ ఒక్క సెకను ఆవిడ ఆ మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఫోను నాలుగు వేలు అంది.

ఎవరూ పాడని ధర పలికితే, పలికినవాళ్లే ఆ గంప కొనాలి. పలికిన మాట వెనక్కి పోదు, ఇది అక్కడి కట్టుబాటు. కొండబాబు చేతులు కట్టుకుని నవ్వుతూ ముందుకు వచ్చాడు. నీలిమ నా మోచెయ్యి పట్టుకుంది.

పరదేశమ్మ వంగి ఆ గంపను తన కాళ్ల దగ్గరికి లాక్కుంది.

"ఇది నాది. పరదేశమ్మ తొలిరోజు కూర ఒండుకోవాల గదా. కొండబాబూ, నువ్వు కూడా బోయనానికి రా. తరవాత గంప."

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. ఆ తర్వాత ముప్ఫై గంపలు. ఒక్కటి తప్పలేదు. మాట మాట వెంట పడుతూ, గట్టిగా అరవకుండానే, ఆ చదునైన గొంతు జెట్టీని ముక్కుతాడు వేసి నడిపించింది. చివరి గంప దగ్గరికి వచ్చేసరికి జనం ఆ గొంతు వినపడాలని పక్కవాళ్లను ఊరుకోమంటున్నారు. చోటు ఆవిడకే దక్కింది. నాకెందుకో ఛాతీ ఉప్పొంగింది. సలహాకు విరుద్ధంగా అని రాసిన కాగితం గుర్తొచ్చి తల దించుకున్నాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. అక్టోబరులో నీలిమ నాకు ఫోను చేసి, ఒకసారి ఇంటికి రమ్మంది. వెళ్లాను. తల్లి టీ పెట్టింది. నేను కూర్చోబోయేసరికే కూర్చో బాబూ అంది. చక్కెర వద్దని చెప్పబోతే వెయ్యలేదంది. మొదట ముచ్చటేసింది. పావుగంటకు ఊపిరాడలేదు. నేను ఏ మాటా చివరిదాకా చెప్పలేకపోయాను. ప్రతిదానికీ జవాబు సిద్ధంగా ఉంది, అది నా మాట తోక మీదే వచ్చి పడుతోంది. జెట్టీ మీద నేర్చిన పరుగు ఇంట్లోకీ వచ్చేసింది. ఆవిడ వినడం మానేసింది, ఊహించడమే మిగిలింది.

తల్లి బిందె తీసుకుని కుళాయికి వెళ్లినప్పుడు నీలిమ చెప్పింది. పోయిన నెల ఫలితాలు వచ్చాయి. ఇంటికి వచ్చి, అమ్మా, నా పరీక్ష, అని మొదలుపెట్టింది. తల్లి కళ్లలో వెలుగు వచ్చింది, గొంతు కదిలింది. నీలిమ తప్పానని చెప్పి ఏడ్చింది. ఆ ఏడుపు మీద ఫోను, నా గుంట పాసవుతాదని నాకు ముందే తెల్సు, అంది. తల్లి రెండు చేతులతో ఫోను నోరు మూయబోయిందట. చేతుల మధ్య నుంచి కూడా మాట పూర్తిగా వచ్చింది.

"ఆ రాత్రి నుంచి నాను మా యమ్మకి ఏదీ సెప్పట్లేదు సార్," అంది. "మీరు ఆగమన్నారు. నాను ఆగమన్నాను. మా మాట ఇన్నాదా?"

మేము ఆరో గళం పరీక్షల్లో శబ్దం కొలిచాం, ఆలస్యం కొలిచాం. ఆ ఆలస్యాన్ని భర్తీ చేయడానికి మనిషి ఎంత దూరం పరిగెత్తాలో కొలవలేదు. ఆ మాట రాసి పైవాళ్లకు పంపాను. ఏడులో ఆలస్యమే ఉండదు కదా, ఆ సమస్య దానంతటదే పోతుందని జవాబు వచ్చింది. ఆరు మెడలో వేసుకుని తిరుగుతున్న తొమ్మిది వేల మంది గురించి ఒక్క ముక్క లేదు. ఆ జవాబు కాగితం చించి పారేశాను.

మార్చిలో ఏడో గళం వచ్చింది. మా కంపెనీ చరిత్రలో మొదటిసారి చెప్పిన రోజుకే వచ్చింది. అద్భుతంగా ఉంది, అబద్ధం చెప్పను. రాలేదనో, పని చెయ్యలేదనో చెప్పగలిగితే ఈ కథ నాకు సులువయ్యేది. అది వేసుకున్న మొదటి మనిషి తన పెళ్లాన్ని పేరు పెట్టి పిలిస్తే ఆవిడ అక్కడే కూలబడిపోయింది. ఏడాది ఆగినవాళ్లకు ఆగినందుకు దక్కింది.

నీలిమ పంపిన నాలుగు రికార్డింగులతో నేను పరదేశమ్మ పాత గొంతు తయారు చేసి, ఒక ఏడో గళం పట్టుకుని గవ్వలపేట వెళ్లాను. పొద్దుటి వేలం అయిపోయి జెట్టీ మీద పది పన్నెండు మంది మిగిలి ఉన్నారు. కుదరదని తెలిసీ ఆవిడ మెడకు కొత్త పట్టీ అంటించాను. బిందెలో నీళ్ల చప్పుడు వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించమన్నాను. మళ్లీ అదే. ఆవిడే నెమ్మదిగా పట్టీ ఊడదీసి నా చేతిలో పెట్టింది.

అప్పుడు ఫోనులో దాచిన గొంతు వినిపించాను. నీలిమ రికార్డు చేసిన పాత మాటలే, శుభ్రం చేసి. ఒసే నీలీ, బేగి రాయే, కూడు సల్లారిపోతంది. తర్వాత ఒక తిట్టు. తర్వాత వేలం, ఒకటోసారి, రెండోసారి, గాలిని చీల్చుకుంటూ. గొంతంటే అది. వలలు బాగుచేస్తున్నవాళ్లు తలలెత్తారు. నీలిమ నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పరదేశమ్మ మెడకు అప్పుడు ఏ పట్టీ లేదు. పరిగెత్తడానికి వీలు లేక, చివరిదాకా విన్నది. కళ్లు తడిశాయి, దాచుకోలేదు. తర్వాత తన పాత ఆరో గళం పట్టీ మళ్లీ అంటించుకుంది.

"బాగుంది బాబూ. దాసుకోయే నీలీ. కానీ అయన్నీ నాను సెప్పేసిన మాటలు. ఈ ఏడాది సెప్పాల్సినయి ఎవులు సెప్పీవోరు?"

ఆవిడ కూతురి పక్కన కూర్చుంది.

"నీ పరీచ్చ మాట నాను ఇనలేదు. తప్పు నాదే. ఇప్పుడు సెప్పు."

అని, పట్టీని ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. నీలిమ చెప్పింది. పరీక్ష సంగతి, దాచిన భయం, ఆరు నెలలుగా మింగిన కోపం, అన్నీ. తల్లి కదలకుండా విన్నది. మధ్యలో ఒకటి రెండుసార్లు గొంతు కదిలింది, కానీ అది పలకడానికి ఏదీ లేదు. చివరికి కూతురి తల నిమిరింది. మా ఇంజనీర్లెవరికీ తట్టని మీట ఆవిడ కనిపెట్టింది. నేను జెట్టీ చివరికి వెళ్లి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి పట్టీ మళ్లీ మెడ మీద ఉంది. ఎనిమిదోది ఎప్పుడొస్తుందని ఆవిడ ఎగతాళిగా అడిగింది. రెండేళ్లలో వస్తుందని, దాని బొమ్మ కూడా గోడ మీద వేసేశారని, ఏడు కొనడానికి వచ్చేవాళ్లలో మంచి గొంతులున్నవాళ్లను ఆపమని నాకు కొత్త ఉత్తర్వు వచ్చిందని చెప్పాను. చెబుతుంటే నాకే నోరు చేదుగా ఉంది. రేపటి నుంచి ఆ మాట ఎవరితోనూ అననని, ఉద్యోగం ఊడితే ఊడనీ అని కూడా చెప్పాను.

పరదేశమ్మ నమ్మలేదు. నా చొక్కా జేబులోంచి పగిలిన ఫోను తీసుకుని, పైకెత్తి, అక్కడున్నవాళ్లందరికీ చూపించింది.

"రండి రండి. ఏలం ఇంకోటి ఉంది. ఇంజనీరు బాబు ఫోను. అద్దం పగిలింది, ఆరేళ్లగా కొత్తదాని కోసం సూత్తంది. ఎవులు పాడతారు?"

వలల దగ్గర నవ్వులు లేచాయి. నీలిమ ముక్కు తుడుచుకుని, తల్లి కళ్లలోకి చూసి, వేలెత్తింది. ఆ వేలు లేచేసరికే ఫోను పది రూపాయలు అంది. ఒకటోసారి. నేను నవ్వాను. రెండోసారి. అందులో నా సమస్తం ఉందని, ఇంకో నాలుగు నెలల్లో కొత్త మోడల్ వస్తోందని, అప్పుడు మార్చుకుంటానని గుర్తొచ్చింది. నా చెయ్యి కళ్లజోడు దగ్గరికి వెళ్లింది. ఆగండి అనడానికి నోరు తెరిచాను.

నా మాట బయటికి రాకముందే ఆవిడ మెడలో ఫోను మూడోసారి అంది.